పనికి ఇంట్లో ఒక చోటు, ఒక పొద్దు

గద్వాలలోనో, రాజోలిలోనో, వనపర్తి జిల్లా అమరచింతలోనో నేత పనిచేసే ఇంటికి ఒకసారి వెళ్లండి. చాలా ఇళ్లలో కడప దాటగానే ముందు కనిపించేది మగ్గమే. వెలుతురు బాగా పడే పడసాలలో నేల తవ్వి, కాళ్లు గుంతలోకి వదిలి కూర్చునేలా దాన్ని అమర్చి ఉంటారు. ముందు మగ్గానికి చోటు చూసుకుని, మిగిలిన చోట్లో వంట, పడక సర్దుకున్న ఇళ్లు అవి. ఇంటి నుంచి పనిచేయడం అనే మాట మనకు 2020లో కొత్తగా వచ్చి ఉండవచ్చు. పని మాత్రం ఈ ఇళ్లలో తరాలుగా ఉంది. ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి, ఇంట్లోవాళ్లు ఎంతవరకు చేయి వేయాలి అన్న ప్రశ్నలన్నీ ఈ ఇళ్లు ఎదుర్కొన్నాయి. కొన్నింటికి మంచి జవాబులు కనుక్కున్నాయి. కొన్నింటి దగ్గర ఇప్పటికీ బాధపడుతున్నాయి. ఈ అధ్యాయంలో ఆ రెండూ చూద్దాం.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్ల నుంచి ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని మన పిల్లలు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వచ్చేశారు. తర్వాత కొందరు తిరిగి హైదరాబాద్ పోయారు. కొందరికి వారంలో రెండు మూడు రోజులు ఆఫీసు, మిగిలిన రోజులు ఇల్లు. సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు. మెడికల్ కోడింగ్ చేసేవాళ్లు, దుకాణాల జీఎస్టీ లెక్కలు రాసేవాళ్లు, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవాళ్లు, పెళ్లి కార్డులకు, ఫ్లెక్సీలకు డిజైన్లు చేసి పంపేవాళ్లు ఇప్పుడు మన చిన్న పట్టణాల్లోనూ ఉన్నారు.

ఈ మార్పు మన నేలకు ఎంత పెద్దదో ఒక్క క్షణం ఆలోచించండి. 2016 అక్టోబర్ 11న విడివడేదాకా ఈ మూడు జిల్లాలూ పాలమూరే. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఆనకట్టల దగ్గర, రోడ్ల మీద, కాలువ గట్ల మీద మనవాళ్లు పనిచేయని రాష్ట్రం తక్కువ. పని కోసం ఇల్లు వదలడమే మన చరిత్ర. అలాంటి చోట పనే ఇల్లు వెతుక్కుంటూ రావడం చిన్న విషయం కాదు.

దానితోపాటు ఒక ఇబ్బందీ వచ్చింది. నాన్న పల్లి చేనులో ఉంటాడు. అమ్మ పత్తి ఏరడానికి పోతుంది. కొడుకో కూతురో ఫ్యాన్ కింద కూర్చుని వేళ్లు ఆడిస్తుంటారు. ఎండలో చేసేదే పని అని చిన్నప్పటి నుంచి చూసిన మనసు, నీడలో చేసేదాన్ని పనిగా ఒప్పుకోదు. అందుకే మంచి కుర్చీ కొనడానికి చేయి రాదు. మంచం మీద బోర్లా పడుకునో, గోడకు ఆనుకుని ఒళ్లో దిండు పెట్టుకునో పని సాగుతుంది. "ఇంతమాత్రం దానికి కుర్చీ, టేబులు ఎందుకు" అని మనకు మనమే చెప్పుకుంటాం. ఓర్చుకోవడం మన పెద్దల బలం. కానీ వాళ్లు ఓర్చుకున్నది గతి లేక. మనం ఓర్చుకుంటున్నది అలవాటు కొద్దీ. నేను చెప్పదలచుకున్నది ఇదే: ఇంట్లో పనిచేసేవారికి చిన్న చిన్న సుఖాలు విలాసం కాదు, పనిముట్లు. కొడవలికి పదును పెట్టుకున్నందుకు ఏ రైతూ సిగ్గుపడడు.

కూర్చునే చోటు

గుంత మగ్గాన్ని జాగ్రత్తగా చూస్తే అది ఎంత తెలివైన ఏర్పాటో అర్థమవుతుంది. నేతగాడు నేల ఎత్తులో కూర్చుంటాడు. కాళ్లు గుంతలోకి వేలాడి తొక్కుడు చెక్కల మీద ఆనుతాయి. బట్ట కడుపుకు ఎదురుగా, మోచేతుల ఎత్తున ఉంటుంది. నాడె విసరడానికి భుజం లేపనక్కర్లేదు. గుంతలో ఉండే చెమ్మ వల్ల ఎండాకాలంలో నూలు పోగు త్వరగా తెగదు. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెంటినీ మగ్గం మీదే ఒకదానితో ఒకటి మెలేసి కలపాలి. పనితనాన్ని బట్టి ఒక చీరకు నాలుగు రోజులు మొదలుకుని వారం దాటి కూడా పడుతుంది. అంతసేపు కూర్చోవాల్సిన మనిషికి చోటు సరిగా కుదరకపోతే చీరే లేదు.

అయినా మగ్గం నొప్పి లేని పని అని అనుకోవద్దు. నడుము, మోకాళ్లు, మెడ, కళ్లు అరిగిపోయిన నేతగాళ్లు ప్రతి నేత వీధిలోనూ కనిపిస్తారు. ఇంటి పనిలో నొప్పి మెల్లగా వస్తుంది. బయటివాళ్లకు కనిపించదు. చేసేవాళ్లు కూడా దాన్ని వయసు ఖాతాలో వేసేసుకుంటారు. ఆలేరు ప్రాంతంలోని చింతకింది మల్లేశం సంగతి మీకు తెలిసే ఉంటుంది. పోచంపల్లి తరహా చీరలకు దారాన్ని కొయ్యల చుట్టూ తిప్పి ఆసు పోయాలి. ఒక్క చీరకు చేయి దాదాపు 9000 సార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆయన ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత సినిమా కూడా వచ్చింది. ఆ ఇంట్లో ఒక కొడుకు అమ్మ నొప్పిని నొప్పిగా గుర్తించాడు. అమ్మ కదా, అలవాటే కదా అనుకోలేదు. అందరి ఇళ్లలోనూ యంత్రం కనిపెట్టే కొడుకు ఉండడు కాబట్టి మన నొప్పిని మనమే గుర్తించాలి.

ఇక మన బల్ల దగ్గరికి వద్దాం. ల్యాప్‌టాప్‌ను ఉన్నదున్నట్టు వాడితే రెండింటిలో ఒకటి తప్పు అవుతుంది. తెర సరిగా ఉంటే చేతులు పైకి లేస్తాయి, చేతులు సరిగా ఉంటే మెడ కిందికి వంగుతుంది. దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. ల్యాప్‌టాప్ కింద పాత పోటీపరీక్షల పుస్తకాలు పేర్చి తెర పైఅంచును కళ్ల ఎత్తుకు తేవాలి. విడిగా ఒక కీబోర్డు, ఒక మౌస్ పెట్టుకోవాలి. మోచేతులు లంబకోణంలో బల్ల మీద ఆనాలి. పాదాలు నేలకు పూర్తిగా తగలాలి. తగలకపోతే కాళ్ల కింద వంటింటి పీట వేసుకోండి. నడుము వెనక వంపులో చుట్టిన తువ్వాల పెడితే మామూలు చెక్క కుర్చీ కూడా బాగానే పనిచేస్తుంది. డబ్బు ఖర్చు పెట్టగలిగితే మాత్రం మొదటి ఖర్చు కుర్చీకే. కొత్త ఫోన్ తర్వాత.

కిటికీ మీ పక్కన ఉండాలి. ఎదురుగా ఉంటే కళ్లు చెదురుతాయి, వెనక ఉంటే తెర మీద మెరుపు పడుతుంది. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెబుతారు. పట్నం ఫ్లాట్‌లో 20 అడుగుల దూరం చూడాలంటే ఎదుటి అపార్ట్‌మెంటు గోడే కనిపిస్తుంది. మన ఊళ్లో కిటికీలోంచి వేపచెట్టు కనిపిస్తుంది. అది మన ఊరు మనకిచ్చే సౌకర్యం. వాడుకోండి.

ఇంట్లో విడి అర్ర లేదంటారా? చాలా ఇళ్లలో ఉండదు. పడసాలలో ఒక మూల చాలు. అది ఎప్పుడూ అదే మూల కావాలి, అంతే. పొద్దున మంచం మీద, మధ్యాహ్నం వంటింటి గడప దగ్గర, సాయంత్రం మిద్దె మీద కూర్చుని చేస్తే ఇల్లంతా ఆఫీసైపోతుంది. పడుకున్నా పనే గుర్తొస్తుంది. పడుకునే మంచం మీద పని పెట్టుకోవద్దని నిద్ర నిపుణులు గట్టిగా చెప్పేది అందుకే. మగ్గం ఇల్లు ఈ విషయంలో మనకంటే ఎంతో నయం. అక్కడ పని మగ్గం దగ్గరే ఉంటుంది. ఎంత చిన్న ఇల్లయినా నేత పని మంచం ఎక్కదు.

ఎండ, కరెంటు

హైదరాబాద్‌లో ఏసీ ఆఫీసు కోసం రాసిన సలహాలు ఏప్రిల్, మే నెలల్లో గద్వాలలో పనికిరావు. బయట 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు స్లాబ్ ఇంట్లో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా తలకాయ పనిచేయదు. ఇది బద్ధకం కాదు, ఒంటి ధర్మం. కాబట్టి ముందు ఇంటిని చల్లబరచాలి. పాత మట్టి మిద్దెలకు ఆ గుణం సహజంగానే ఉంది. స్లాబ్ ఇల్లయితే వేసవికి ముందు పైన తెల్ల సున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటో వేయించండి. లోపల వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది ఈ లెక్కతోనే. పడమటి కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లడం మన తాతల నాటి పద్ధతి. ఈ ఎండ పొడి ఎండ కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. కూలర్ పెట్టినప్పుడు ఎదుటి కిటికీ తెరిచి ఉంచడం మరవకండి. మూసేస్తే గదిలో ఉక్క మిగులుతుంది.

పక్కన మట్టి కుండలో నీళ్లు పెట్టుకోండి. ఫ్రిజ్ సీసా కోసం మాటిమాటికి లేవడం నడకే కదా అని కొందరంటారు. కానీ లేచినప్పుడల్లా వంటింట్లో ఏదో ఒక మాట, ఏదో ఒక పని తగులుకుంటుంది. నీళ్లు చేతి దగ్గర ఉంటే ఎక్కువ తాగుతాం. నడకకు వేరే వేళ పెట్టుకుందాం.

కరెంటు విషయంలో కొంచెం లెక్క వేసుకోవాలి. ఎందుకంటే చాలామంది ఇన్వర్టర్ ఉందన్న ధీమాతో కూర్చుని, సరిగ్గా మీటింగు మధ్యలో చీకట్లో పడతారు. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ కాగితం మీద 1800 వాట్ గంటలు. ఇన్వర్టర్‌లో పోయేది, బ్యాటరీ పాడవకుండా మిగల్చాల్సింది తీసేస్తే చేతికి వచ్చేది సుమారు 1000 అనుకోండి. పాత ఫ్యాన్ 75 వాట్లు, ల్యాప్‌టాప్ 60, వైఫై రౌటర్ 10, ఎల్ఈడీ బల్బు 9. మొత్తం సుమారు 150. అంటే ఆరు గంటల పైచిలుకు. పాత ఫ్యాన్ బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ పెడితే అదే బ్యాటరీ తొమ్మిది గంటలు వస్తుంది. కానీ అదే ఇన్వర్టర్ మీద ఇంట్లోవాళ్లు టీవీ, మూడు ఫ్యాన్లు నడిపిస్తే ఈ లెక్కలన్నీ గాలికి పోతాయి. కరెంటు పోయినప్పుడు ఏవి నడవాలో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. రౌటర్ ఇన్వర్టర్ లైను మీద ఉందో లేదో ఈరోజే చూడండి. ఫైబర్ ఒక కంపెనీది ఉంటే, ఫోన్‌లో హాట్‌స్పాట్ కోసం ఇంకో కంపెనీ సిమ్ ఉండాలి. గాలివానకు తీగ తెగితే రెండూ ఒకేసారి పోకుండా ఉంటాయి.

ఇక్కడ రాజోలి గుర్తుకు రాక తప్పదు. 2009 అక్టోబర్ మొదట్లో తుంగభద్ర పొంగి రాజోలి మునిగింది. ఇళ్లతోపాటు మగ్గాలు, నూలు, నేస్తున్న చీరలు పోయాయి. ఇల్లే పని చోటైనప్పుడు ఇంటికి వచ్చిన ఆపద పనికీ వస్తుంది. రెండు దెబ్బలు ఒకేసారి పడతాయి. మన పని మునగదు అనుకోవద్దు. ల్యాప్‌టాప్ మీద చాయ్ ఒలికినా, దొంగ ఎత్తుకుపోయినా, పిడుగుపాటుకు చార్జర్ కాలినా సగం నెల పని పోవచ్చు. వారానికోసారి పనినంతా ఇంటి బయట ఇంకోచోట, అంటే క్లౌడ్‌లోనో, అన్న ఇంట్లో ఉండే హార్డ్ డిస్క్‌లోనో దాచండి. ఉరుములు మొదలైతే ప్లగ్గులు పీకేయండి. నేతగాళ్లకు ఈ వెసులుబాటు ఎన్నడూ లేదు. మగ్గాన్ని రెండో చోట దాచుకోలేరు.

పొద్దు ఎలా పెట్టుకోవాలి

గద్వాల నేతలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించే పని ఏరువాడ జోడు పంచెలు. గద్వాల సంస్థానం నాటి నుంచి వస్తున్న సంప్రదాయం ప్రకారం తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలకు గద్వాల నుంచి ఈ పంచెలు వెళ్తాయి. కృష్ణా తుంగభద్రల నడుమ నేల కాబట్టి ఏరువాడ, రెండు కాబట్టి జోడు. పదకొండు గజాల పొడవు, కోటకొమ్మ అంచు. వెడల్పు ఎక్కువ కాబట్టి ఒక్కరితో అయ్యే పని కాదు, కలిసి నేయాలి. నేసేవాళ్లు 41 రోజులు నియమంతో ఉంటారు. స్నానం, పూజ, తిండి, నిద్ర అన్నిటికీ పద్ధతి ఉంటుంది. భక్తి సంగతి భక్తులకు తెలుస్తుంది. పనిచేసేవారు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. అంత పెద్ద పనిని వాళ్లు ఉత్సాహం మీద వదలరు, నియమం మీద నిలబెడతారు. మనసు బాగున్న రోజు ఎక్కువ, బాగాలేని రోజు తక్కువ అన్న లెక్క అక్కడ ఉండదు. మండలం పూర్తయ్యేసరికి పంచె సిద్ధంగా ఉంటుంది.

మనకు 41 రోజుల దీక్ష అక్కర్లేదు. కానీ పని మొదలయ్యే ముందు మూడు నాలుగు చిన్న పనులు ఎప్పుడూ ఒకే వరసలో జరిగితే, మెదడుకు చెప్పకుండానే తెలిసిపోతుంది. స్నానం, బట్టలు మార్చడం, చాయ్, ఆ తర్వాత బల్ల. రాత్రి వేసుకున్న నైటీ, లుంగీ మీదనే కూర్చోవద్దు. కెమెరా ముందు కనిపించడం కోసం చెప్పడం లేదు. ఒంటి మీద బట్ట మారితే మనిషి తీరు మారుతుంది.

ఆఫీసుకు పోయేవారికి దారి ఉంటుంది. బస్సులో గంట విసుగ్గానే గడిచినా, ఆ గంటలో ఇంటి మనిషి ఆఫీసు మనిషి అవుతాడు. ఇంట్లో పనిచేసేవారికి ఆ దారిని మనమే వేసుకోవాలి. నాగర్‌కర్నూల్‌లో ఉంటే కేసరి సముద్రం కట్ట ఉంది. వనపర్తిలో ఉంటే పాలిటెక్నిక్‌గా మారిన పాత రాజభవనం వైపు నడవవచ్చు. గద్వాలలో కోట లోపలి చెన్నకేశవస్వామి గుడిదాకా వెళ్లి రావచ్చు. పొద్దున ఇరవై నిమిషాలు పోయి వచ్చి, అడుగు పెట్టడమే బల్ల దగ్గర పెట్టండి. సాయంత్రం పని ముగిశాక మళ్లీ అదే నడక. ఇంటికి తిరిగి వచ్చేసరికి మీరు ఇంటివారై ఉంటారు. ఈ ఒక్క అలవాటు నిలబెట్టుకుంటే మిగతావి వాటంతట అవే కుదురుకుంటాయన్నది నా గట్టి నమ్మకం.

వేసవిలో పొద్దును కొంచెం ముందుకు జరపండి. మన పల్లెల్లో ఎండాకాలం పొలం పని తెల్లవారుజామున మొదలై పదకొండుకు ముగుస్తుంది. ఆలోచన కావాల్సిన పని పొద్దున ఆరు నుంచి పది లోపు చేసుకుని, మధ్యాహ్నానికి ఈమెయిళ్లు, ఫైళ్లు సర్దడం లాంటివి ఉంచండి. ఆఫీసు ఒప్పుకుంటే ఇది మేలైన మార్గం. చాలా ఆఫీసులు అడిగితే ఒప్పుకుంటాయి. మనమే అడగం.

అమెరికా వేళలకు పనిచేసేవారి కష్టం వేరు. న్యూయార్క్‌లో ఉదయం పది అంటే చలికాలంలో మనకు రాత్రి ఎనిమిదిన్నర, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా ఏడున్నర. ఏటా రెండుసార్లు మన రాత్రి భోజనం వేళ గంట జరుగుతుందని అమ్మకు ముందే చెప్పాలి. లేకపోతే ఆమె అన్నం పెట్టుకుని కూర్చుంటుంది, మీరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చేయి ఊపుతారు. కాల్ మొదలవక ముందే తినేయండి. అర్ధరాత్రి దాకా మెలకువగా ఉండేవారు పొద్దున లేవగానే పావుగంట ఎండలో నిలబడాలి. ఒంటి గడియారాన్ని సరిచేసేది వెలుతురే.

ఆపడం గురించి కూడా చెప్పాలి. చాలా చేనేత ఊళ్లలో అమావాస్య నాడు మగ్గం పని ఉండదు. నెలకోసారి మగ్గానికి విశ్రాంతి, మనిషికి విశ్రాంతి. యజమాని ఇచ్చిన సెలవు కాదది. అందరూ కలిసి పాటించే కట్టుబాటు కాబట్టి, ఎవరూ ఒంటరిగా అడగాల్సిన పని లేదు. ఇంట్లో కంప్యూటర్ ముందు పనిచేసేవారికి అలాంటి కట్టుబాటు ఏదీ లేదు. పని ఎప్పుడూ పక్క అర్రలోనే ఉంటుంది. ఫ్రాన్స్‌లో పనివేళలు దాటాక ఫోన్లు, ఈమెయిళ్ల నుంచి విడిగా ఉండే హక్కు 2017 జనవరి 1 నుంచి చట్టంలో ఉంది. మనకు లేదు. చట్టం వచ్చేదాకా ఒక పని చేయండి. సాయంత్రం ఒక వేళ నిర్ణయించుకుని, రేపు మొదట చేయాల్సింది కాగితం మీద ఒక్క ముక్క రాసి, ల్యాప్‌టాప్ మూసి, దాని మీద ఒక బట్ట కప్పండి. కళ్లకు కనిపించకపోతే మనసు వదులుతుంది.

తిండి గురించి ఎక్కువ చెప్పను. మధ్యాహ్నం అన్నం ఎక్కువగా తింటే నిద్ర ముంచుకొస్తుందని అందరికీ తెలుసు. మన జొన్నరొట్టె, పప్పు, పుంటికూర ఈ పనికి సరిగ్గా సరిపోయే భోజనం. సాయంత్రం ఆకలికి మిక్చర్ ప్యాకెట్లు వద్దు. మన పల్లీల నేలలో పల్లీలు, బెల్లం ఉండగా ఇంకేం కావాలి? గద్వాలవారికి ఉగ్గాణి, బజ్జీ మీద ఉన్న ప్రేమను నేను కాదనను. ఆదివారం పొద్దునకు ఉంచండి. చాయ్ మాత్రం బల్ల దగ్గర తాగవద్దు. లేచి అరుగు మీదకు వచ్చి, నలుగురితో నాలుగు మాటలు మాట్లాడుతూ తాగండి. ఇంట్లో పనిచేసేవారికి ఒంటరితనం తెలియకుండా పట్టుకుంటుంది. మన వీధి అరుగులకు దాన్ని వదిలించే శక్తి ఇంకా ఉంది.

ఇంట్లోవాళ్లు

"ఇంట్లోనే ఉన్నావు కదా." ఇంట్లో పనిచేసేవారు ఎక్కువగా వినే మాట ఇదే. ఇంట్లోనే ఉన్నావు కదా, గ్యాస్ బండ వస్తది చూడు. ఇంట్లోనే ఉన్నావు కదా, తాతను బ్యాంకుకు తీసుకపో. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కనిపించేది మనిషి, కనిపించనిది పని. మగ్గం మీద కూర్చున్నవారిని లేపడానికి ఇంట్లో ఎవరూ తొందరపడరు. నాడె కదులుతోంది, చప్పుడు వినిపిస్తోంది, బట్ట పెరుగుతోంది. తెర ముందు కూర్చున్నవారి పని ఎంత పెరిగిందో ఎవరికి తెలుస్తుంది? అందుకే మన పని ఇంట్లోవాళ్లకు తెలిసేలా చేయడం మన బాధ్యత. ఒక సాయంత్రం అమ్మానాన్నలను పక్కన కూర్చోబెట్టుకుని చేసే పనేమిటో, అది ఎవరికి ఉపయోగమో, తప్పు జరిగితే ఏమవుతుందో వాళ్ల మాటల్లో చెప్పండి. వాళ్లకు అర్థం కాదనుకుని చాలామంది చెప్పరు. అర్థమవుతుంది. కాల్‌లో ఉన్నప్పుడు తలుపుకు ఎర్ర తువ్వాల వేస్తాననో, కుర్చీ వెనక్కి తిప్పుతాననో ఒక గుర్తు పెట్టుకోండి. దానికి బదులు మీరూ ఒక మాట ఇవ్వండి: ఒంటి గంట నుంచి రెండు దాకా పూర్తిగా ఇంటికి దొరుకుతానని. ఆ గంటలో ఫోన్ చూడకండి.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పక తప్పదు. 2019-20 అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, దాని అనుబంధ పనుల్లో ఉన్నవారు 35 లక్షల పైచిలుకు. వారిలో 72 శాతం ఆడవాళ్లు. అయినా నేతగాడు అనగానే మన కళ్లకు మగ్గం మీది మగవాడే కనిపిస్తాడు. కండెలు చుట్టే భార్య, పడుగు సర్దే తల్లి, పోగులు అతికే కూతురు కనిపించరు. కూలి చీరకు ఇస్తారు, కండెకు విడిగా లెక్క కట్టరు. వంట మధ్యలో కండె, కండె మధ్యలో వంట చేసే ఆ అమ్మల రోజుకు మొదలూ చివరా ఉండవు.

ఇప్పుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కోడలి పరిస్థితి చూడండి. మీటింగు నడుస్తుండగానే పాలు పొంగుతాయి. పిల్లాడి హోంవర్క్, అత్తమ్మ మందులు, ఇంటికి వచ్చిన చుట్టానికి చాయ్. అదే ఇంట్లో అదే పనిచేసే కొడుకును మాత్రం ఎవరూ లేపరు. ఇంటి నుంచి పని ఆడవాళ్లకు వరమని చాలామంది అంటారు. ఉద్యోగం మానకుండా నిలబడగలిగిన మేరకు అది నిజం. ఇంటి చాకిరీ అంతా ఆమె మీదే ఉంటే మాత్రం అది రెండు ఉద్యోగాలు, ఒక జీతం. ఈ అధ్యాయంలో చెప్పిన కుర్చీ, కిటికీ, చోటు, పొద్దు ఇంట్లో ముందు ఆమెకు దక్కాలి. మగవాళ్లు చేయాల్సింది సాయం కాదు, తమ వంతు పని. ఆమె మీటింగులో ఉన్నప్పుడు పొయ్యి దగ్గర ఎవరు ఉంటారో పొద్దునే తేల్చుకోవాలి. పాలు పొంగాక తేల్చుకునే విషయం కాదిది.

చేసిన పనికి లెక్క

జీతం మీద కాకుండా పనికింత అని తీసుకునేవారికి ఇంకో మాట. నేత పనిలో షావుకారు నూలు ఇస్తాడు, నేతగాడు ఇంట్లో నేస్తాడు, చీర అప్పజెప్పి కూలి తీసుకుంటాడు. కరెంటు, చోటు, కుటుంబం కష్టం అన్నీ నేతగాడివే. డిజైన్‌కు ఇంత, పేజీకి ఇంత అని ఆన్‌లైన్‌లో పని తీసుకునే మన పిల్లల ఒప్పందం కూడా అచ్చం ఇదే తీరుగా ఉంటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క ప్రకారం 2019 నాటికే ప్రపంచంలో 26 కోట్ల మంది ఇంటి దగ్గర పనిచేస్తున్నారు. మొత్తం పనివారిలో ఇది 7.9 శాతం. ఇంటి దగ్గర పనిచేసేవారి హక్కుల కోసం ఆ సంస్థ 1996లో ఒక ఒప్పందం తెచ్చింది. భారతదేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. కాబట్టి రేటు చెప్పేటప్పుడు ఇంటర్నెట్ బిల్లు, ఇన్వర్టర్ బ్యాటరీ, కుర్చీ, మీరు దిద్దడానికి పట్టే రెండో గంట అన్నీ లెక్క వేయండి. "ఇంట్లో కూర్చునే కదా" అని బేరం ఆడేవారికి ఆఫీసు అద్దె మిగిలింది వాళ్లకేనని మర్యాదగా చెప్పండి. ఎన్ని గంటలు పట్టిందో రోజూ ఒక నోటుబుక్కులో రాసుకోండి. నెల తిరిగేసరికి మీ పనికి అసలు విలువ ఎంతో మీకే తెలుస్తుంది.

ఈ అధ్యాయం చదివి అన్నీ ఒకేసారి మార్చాలని కూర్చోవద్దు. ఈ వారం ఒక మూల ఖాయం చేసుకోండి, తెరను కళ్ల ఎత్తుకు తెండి, రౌటర్‌ను ఇన్వర్టర్ లైనుకు కలపండి. వచ్చే వారం ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి మీ పని గంటలు చెప్పండి, వాళ్ల గంటలు అడగండి. మీ ఇంట్లో కండెలు చుట్టే అమ్మో, మిషన్ కుట్టే అక్కో, పొయ్యి ముందు రోజంతా నిలబడే భార్యో ఉంటే, కొనే రెండో మంచి కుర్చీ వాళ్లకోసం కొనండి.